స్టేడియం డ్యాన్స్‌కి పట్టుబట్టలు కుట్టించాలా?
తిరుపతి స్టేడియంలో ఆటల పోటీల ప్రారంభోత్సవానికి మూడు వందల మంది పిల్లలతో డ్యాన్స్, అందరికీ జరీ పట్టుబట్టలు కుట్టించాలా అని అడిగారు. వద్దండి. గ్యాలరీలో పైన కూర్చున్నవాళ్లకు జరీ అంచు కంటికి ఆనదు, రంగే ఆనుతుంది.

మన గంగమ్మ జాతరే చూడండి. బైరాగి వేషానికి ఒళ్లంతా తెల్ల సుద్ద, బండ వేషానికి కుంకుమ, తోటి వేషానికి బొగ్గు. ఏ వేషమో వీధి చివర్నుంచే తెలిసిపోతుంది.

అందుకే వరుసకి ఒకే ముదురు రంగు, అదీ ఒకే బట్ట తానులోంచి తీయండి. తాను మారితే ఛాయ మారి, ఫ్లడ్‌లైట్ల కింద అతుకు వేసినట్టుంటుంది. చంక దగ్గర వదులు ఉంచమని టైలరుకి గట్టిగా చెప్పండి. చేతులెత్తగానే పిగిలేది అక్కడే. మధ్యలో డ్రెస్సు మార్చాలంటే హుక్కులు వద్దు, వెల్క్రో పెట్టించండి. ఎండాకాలమైతే పాలిస్టర్ మాటే ఎత్తకండి.