‘నీటికుక్క’ అనొచ్చా? ఆక్సొలాటిల్‌పై మీ ప్రశ్నలు

ప్రశ్న: ఆక్సొలాటిల్ అంటే ‘నీటికుక్క’ అని చాలాచోట్ల చదివాను. బొమ్మ చూస్తే కుక్క పోలిక ఒక్కటీ లేదు. ఆ పేరు ఎలా వచ్చింది? ఎలా పలకాలి?

జవాబు: ఆక్సొలాటిల్ నీళ్లలో బతికే ఒక సాలమండర్, అంటే బల్లిలా కనిపించే ఉభయచరం. దాని పేరు మెక్సికోలో ఆజ్టెక్కులు మాట్లాడిన నహువాతల్ భాషలోని మాట. ‘ఆత్ల్’ అంటే నీరు. చిక్కంతా రెండో ముక్క ‘షోలోత్ల్’తోనే. అది ఒక దేవుడి పేరు. అతను కెట్సల్‌కోవాత్ల్ అనే మరో దేవుడికి కవల. అతని బొమ్మకి కుక్క తల వేసేవారు కాబట్టి ‘నీటికుక్క’ అనే అర్థం స్థిరపడింది. కానీ ఆ భాషలో మామూలు కుక్కని ‘ఇట్స్‌క్వింత్లి’ అంటారు. షోలోత్ల్‌కి జంట, వికృతరూపం అనే ఛాయలే ఎక్కువ.

16వ శతాబ్దంలో బెర్నార్డినో డి సహాగున్ అనే క్రైస్తవ సన్యాసి నమోదు చేసిన కథ చూస్తే ఇది తెలుస్తుంది. కొత్త సూర్యుడు కదలాలంటే దేవతలంతా ప్రాణాలివ్వాలి. షోలోత్ల్‌కి చావంటే భయం. పారిపోయి మొక్కజొన్న చేలో రెండు కాండాల మొక్కయ్యాడు. గుర్తుపట్టారు. కిత్తనార మొక్కల్లో జంట మొక్కయ్యాడు. అక్కడా దొరికిపోయాడు. చివరికి నీళ్లలో దూకి ఆషోలోత్ల్ అయ్యాడు. అక్కడ పట్టి చంపేశారు. అందుకే ‘నీటి షోలోత్ల్’ అని వదిలేయడమే నయం.

ఉచ్చారణ సంగతి: అప్పటి స్పానిష్ రాతలో ఎక్స్ అక్షరం ‘ష’ ధ్వనికి గుర్తు. కాబట్టి అసలు పలుకు ‘ఆషోలోత్ల్’. చివరి ‘త్ల్’ ఒకే హల్లు, దాని తర్వాత అచ్చు లేదు. ఇప్పటి స్పానిష్‌లో ‘అహొలోతె’. మనం పలికే ‘క్స’ ఇంగ్లిష్ చదువు వల్ల వచ్చింది.

ప్రశ్న: లార్వా (పిల్ల) దశలోనే ఆగిపోతుందంటారు. మరి గుడ్లెలా పెడుతుంది?

జవాబు: ఆగేది రూపం, లైంగిక ఎదుగుదల కాదు. దీన్నే నియోటెనీ అంటారు. థైరాయిడ్‌ని ప్రేరేపించే హార్మోన్ చాలినంత విడుదల కాకపోవడంతో బయటి మొప్పలు, తోక రెక్క అలాగే ఉండిపోతాయి. 1865లో పారిస్‌లో ఒగ్యుస్త్ ద్యుమెరిల్ అనే జంతుశాస్త్రవేత్త పెంచుతున్న వాటి సంతానంలో కొన్నింటికి మొప్పలు పోయి నేలమీది సాలమండర్లుగా మారాయి. తల్లిదండ్రులు మాత్రం మారలేదు! దేవుడేమో వేషం మీద వేషం మార్చాడు, ఆ పేరు పెట్టుకున్న ప్రాణి మాత్రం ఉన్న వేషం వదలదు.

ప్రశ్న: మా ఆక్సొలాటిల్ మొప్పలు ముందుకు వంగాయి, తోక కొస కొక్కెంలా తిరిగింది. తిండి ముట్టడం లేదు. రోగమా?

జవాబు: మందు జోలికి పోకుండా ముందు నీళ్లు చూడండి. ఉష్ణోగ్రత 16–18 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. 24 దాటితే నీటిలో ఆక్సిజన్ తగ్గుతుంది, ఒత్తిడికి లోనైన ప్రాణికి బూజు పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ సున్నా రావాలి. నైట్రేట్ 20 పీపీఎం (పది లక్షల భాగాల్లో 20) లోపు. అమ్మోనియా కనిపిస్తే క్లోరిన్ తీసిన, అదే చల్లదనమున్న నీటితో రోజూ నాలుగో వంతు మార్చండి. ఫిల్టర్ స్పాంజిని కుళాయి కింద కడిగితే మలినాల్ని విరిచే బ్యాక్టీరియా క్లోరిన్‌కి చస్తుంది, అమ్మోనియా మళ్లీ మొదలు. తొట్టిలోంచి తీసిన నీళ్లలోనే పిండండి. కొత్త తొట్టిలో ఆ బ్యాక్టీరియా నిలదొక్కుకోవడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

అన్నీ సరిగ్గా ఉన్నా మొప్పలు ముందుకే ఉంటే ఫిల్టర్ ధార బలంగా ఉన్నట్టు. దాని మూతిని గోడవైపు తిప్పండి. అడుగున గులకరాళ్లుంటే తీసేయండి: ఇది నోరు తెరిచి తిండిని నీళ్లతోపాటు పీల్చుకుంటుంది, రాయి పేగులో ఇరుక్కుంటుంది. మెత్తటి ఇసుక గానీ ఖాళీ అడుగు గానీ చాలు. పెద్దవాటికి రెండు మూడు రోజులకోసారి వానపాములు పెట్టండి, మిగిలింది అదే రోజు తీసేయండి.

ప్రశ్న: చేపల్ని తోడుగా వేయొచ్చా?

జవాబు: వద్దు. చేపలు మొప్పల్ని కొరుకుతాయి. చిన్న చేపల్నయితే ఇదే మింగేస్తుంది.