తప్పుంటే పక్కకు పిలిచి చెప్పండక్కా

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. జీఎన్‌ఎం (నర్సింగ్ డిప్లొమా) చదివి, ఆరు నెలలుగా నల్లగొండలో ఒక ప్రైవేటు ఆస్పత్రిలో స్టాఫ్ నర్సుగా చేస్తున్నాను. వార్డులో ఒక సీనియర్ సిస్టర్‌కు మొదటి రోజు నుంచీ నేనంటే పడదు. వరసగా నైట్ డ్యూటీలు నాకే. మొన్న ఒక ముసలాయనకు క్యాన్యులా (సెలైన్, మందులు ఎక్కించడానికి నరంలో పెట్టే గొట్టం) రెండుసార్లు తప్పితే, ఆయన కొడుకు ముందే ‘సర్టిఫికెట్ కొనుక్కొచ్చినవా?’ అంది. మిగతావాళ్లు నవ్వారు. పోయిన వారం ఒక షుగర్ పేషెంట్‌కు తను ఇన్సులిన్ ఇచ్చి కేస్ షీట్‌లో రాయలేదు, నాకు చెప్పలేదు. నేను మళ్లీ ఇవ్వబోతే ఆయన భార్యే ఆపింది. డ్యూటీ టైం దగ్గర పడితే కడుపులో తిప్పుతోంది, నిద్ర లేదు. ఇంట్లో చెబితే ‘మానెయ్, పెళ్లి చేస్తాం’ అంటారు. ఏం చేయాలి?

జవాబు: ఇన్సులిన్ మాట దగ్గర నేను ఆగిపోయానమ్మా. క్యాన్యులా తప్పడం ఏమంత విషయం? ముసలివాళ్ల నరాలు సూది తగలగానే పక్కకు జారతాయి, ఇరవై ఏళ్ల సర్వీసున్నవాళ్లకూ తప్పుతాయి. ఆ సంగతి ఆవిడకూ తెలుసు. నేర్పాలనుకున్నవాళ్లు పక్కన నిలబడి చూపిస్తారు, పేషెంట్ కొడుకు ముందు పరువు తీయరు. కానీ ఇన్సులిన్ రెండోసారి పడి ఉంటే షుగర్ పడిపోయి ఆయనకు ప్రాణం మీదికి వచ్చేది. ఆవిడ కావాలని చేసిందో, పనిలో పడి మరిచిందో మనం తేల్చలేం. అందుకే ఆవిడ మనసు గురించి వాదన పెట్టుకోకండి. హ్యాండోవర్ గురించే, అంటే డ్యూటీ మారేటప్పుడు పేషెంట్ల వివరాలు అప్పజెప్పడం గురించే గట్టిగా అడగండి.

నర్సులు తోటి నర్సుల మీదే ఎందుకు విరుచుకుపడతారో అమెరికాలో సూసన్ రాబర్ట్స్ అనే పరిశోధకురాలు 1983లోనే రాశారు. పైవాళ్లను ఏమీ అనలేని కోపం పక్కవాళ్ల మీదికి మళ్లుతుందని ఆమె వాదన. అత్త మీద కోపం దుత్త మీద అని మన పెద్దలు అన్నదే. డాక్టర్ కసురుతాడు, మేనేజ్‌మెంట్ సరిపడా మనుషులను పెట్టదు, ఆ మంట వచ్చి మీ మీద పడుతోంది. ‘మేమూ పడ్డాం’ అనే సీనియర్లను నేను చాలామందిని చూశాను. పడ్డవాళ్లకే ఆ బాధ తెలియాలి కదా!

అమెరికాలోనే మార్తా గ్రిఫిన్ అనే ఆమె బోస్టన్‌లో 26 మంది కొత్త నర్సులకు ఇలాంటప్పుడు అనాల్సిన మాటలు ముందే నేర్పి, ఐడీ కార్డుతో పాటు ఉంచుకునేలా చిన్న కార్డులిచ్చారు. 2004లో ఆ వివరాలు ప్రచురించారు. తడబడకుండా అడగడమే అందులోని కిటుకు. మీరూ రెండు మాటలు సిద్ధం చేసుకోండి. ‘అక్కా, తప్పుంటే పక్కకు పిల్చి చెప్పండి, నేర్చుకుంట. పేషెంట్ ముంగట అనకండి.’ ‘అక్కా, మంచం దగ్గరే హ్యాండోవర్ ఇవ్వండి, ఏ మందు ఎప్పుడు పడ్డదో కేస్ షీట్ చూసి రాసుకుంట.’ రూమ్‌లో తలుపేసుకుని నాలుగుసార్లు పైకే అనండి. మొదటిరోజు గొంతు వణుకుతుంది, వణకనివ్వండి.

ఇన్సులిన్ సంగతి మాత్రం ఆలస్యం చేయకుండా నర్సింగ్ సూపరింటెండెంట్‌కు రాసివ్వండి. తేదీ, టైం, మంచం నంబరు, జరిగింది, అంతే. ‘ఆవిడ మంచిది కాదు’ లాంటి మాట ఒక్కటి పడినా మీ కాగితం గొడవల ఖాతాలోకి పోతుంది. కాపీ మీ దగ్గర ఉంచుకోండి. గత రెండు నెలల డ్యూటీ చార్ట్ ఫొటో తీసి దానికి జత చేయండి, నైట్‌లు ఎవరికి ఎన్ని పడ్డాయో అదే చెబుతుంది.

వట్టి సతాయింపుకు మనకు విడిగా చట్టం లేదు. లైంగికంగా వేధిస్తే 2013 చట్టం ఉంది, పది మంది గానీ అంతకన్నా ఎక్కువ గానీ పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండాలి. కులం పేరుతో తిడితే, మీరు ఎస్సీ, ఎస్టీ అయితే 1989 చట్టం ఉంది. నిద్ర పట్టని రోజు 14416కి, అంటే టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయండి. అది ఉచితం, రాత్రి పూట కూడా ఎత్తుతారు.

ఇంట్లో ‘మానెయ్యాలా?’ అని అడగకండి, అడిగితే జవాబు మీకు తెలిసిందే. అమ్మకు ఇన్సులిన్ సంగతి, మీరు రాసిచ్చిన కాగితం సంగతి చెప్పండి చాలు. రెండు మూడు నెలల్లో చార్ట్ మారకపోతే వేరే ఆస్పత్రి చూసుకోండి. అయితే ముందు ఎక్స్‌పీరియన్స్ సర్టిఫికెట్ తీసుకోండి. చేరేటప్పుడు మీ ఒరిజినల్స్ వాళ్ల దగ్గర పెట్టుకుని ఉంటే, వాటినీ కాగితం మీద రాసే అడగండి.