విటిల్ ఇండెక్స్ ప్రతి వారం అదే 20 మందిని ఎంచుకుంటోందా?

విటిల్ ఇండెక్స్ అంటే ఈ వారం ఒకరికి కాల్ చేయడం ఎంత విలువైనదో చెప్పే స్కోరు; పై స్కోరున్న 20 మందికే కాల్ వెళ్తుంది. కాల్ వెళ్లని వాళ్ల స్టేట్ (వాళ్లు ఇప్పుడున్న స్థితి) మీ సిమ్యులేటర్‌లో కదలడం లేదనుకుంటాను. కదలకపోతే వాళ్ల ఇండెక్స్ పెరగదు, 200 మంది తల్లుల్లో అదే 20 మందికి హెల్త్ కాల్ పడుతుంది. ఎంచని ఆర్మ్ (ఇక్కడ ఒక్కో తల్లి) స్టేట్ ఆగిపోవడం గిట్టిన్స్ ఇండెక్స్ అనే వేరే పద్ధతి లెక్క. 1988లో విటిల్ చెప్పిన సమస్యలో అవీ కదులుతాయి.

1. ప్రతి అడుగులో ఎంచిన 20కి యాక్టివ్ మాట్రిక్స్ (కాల్ వెళ్తే స్టేట్ ఎలా మారుతుందో చెప్పే సంభావ్యతల పట్టిక), మిగతా 180కి పాసివ్ మాట్రిక్స్ (కాల్ వెళ్లకపోతే మారే తీరు) వాడండి.

2. కాల్ చేయనివాళ్ల స్టేట్ మీకు కనబడదంటే, వాళ్ల బిలీఫ్ వెక్టర్‌ను (ఏ స్టేట్‌లో ఉండే అవకాశం ఎంతో చెప్పే సంభావ్యతల వరుసను) పాసివ్ మాట్రిక్స్‌తో గుణించి ముందుకు జరపండి. చాలామంది వదిలేసేది ఇదే! ఇండెక్స్ కూడా ఆ కొత్త బిలీఫ్‌కే తీయాలి, చివరిసారి చూసిన స్టేట్‌కు కాదు.

3. ఇండెక్స్ విలువను వెతికే బైనరీ సెర్చ్‌కు ముందు ఒక పరీక్ష: సబ్సిడీ (కాల్ చేయనందుకు లెక్కలో ఇచ్చే ఊహా బోనస్) పెంచేకొద్దీ పాసివ్ స్టేట్‌ల (కాల్ చేయకపోవడమే మేలైన స్టేట్‌ల) గుంపు పెరగాలే తప్ప ఏదీ బయటికి రాకూడదు. వస్తే ఇండెక్సబిలిటీ (విటిల్ ఇండెక్స్‌కు అర్థం ఉండాలంటే కావాల్సిన షరతు) లేదు, ఆ ర్యాంకింగ్‌ను నమ్మొద్దు.