పది నిమిషాల్లో అయిపోతుందనుకున్న పని

పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా పరుగే, అయినా ఏ పనీ పూర్తయినట్టు ఉండదు, టైం టేబుల్ వేసుకుంటే రెండు రోజులకే చెడిపోతోంది, ఈ టెన్షన్ తగ్గేదెలా అని అడిగారు. ఇద్దరు పిల్లలు, ఉద్యోగం, ఇంట్లో పెద్దవాళ్లు ఉన్నారని కూడా రాశారు. నాదీ దాదాపు మీ పరిస్థితే. అందుకే నా విషయంలో ఏం జరిగిందో వివరంగా చెబుతాను.

మేం హైదరాబాద్ నాగోల్‌లో ఉంటాం. నేను అమీర్‌పేటలో ఒక చిన్న కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఈ పని చేసేవాళ్లకు నెలంతా గడువు తేదీలే. 7వ తేదీలోపు టీడీఎస్, అంటే చెల్లింపుల్లోంచి ముందే పట్టుకున్న పన్ను కట్టాలి, 11కి అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీ రిటర్ను జీఎస్టీఆర్-1, 20కి పన్ను లెక్క తేల్చి కట్టే జీఎస్టీఆర్-3బి. ఆలస్యమైతే వడ్డీ, లేట్ ఫీజు. మాతో వ్యాపారం చేసే పార్టీల నుంచి బిల్లులేమో ఆఖరి రోజుదాకా రావు.

రెండేళ్ల కిందట ఒక 20వ తేదీన "ఇంకో పది నిమిషాల్లో అయిపోతుంది" అనుకుంటూ సిస్టం ముందే కూర్చుండిపోయాను. పాపకు ట్యూషన్ ఏడింటికి అయిపోతుంది. మా ఆయనకు సెకండ్ షిఫ్ట్, కాబట్టి తీసుకురావాల్సింది నేనే. 7.40కి ఫోన్ మోగింది. వాచ్‌మన్ ఫోన్ నుంచి పాప. "అమ్మా, అందరూ వెళ్లిపోయారు" అంది, అంతే. ఏడవలేదు. నేను వెళ్లేసరికి బ్యాగు ఒళ్లో పెట్టుకుని మెట్ల మీద కూర్చుని ఉంది. వాచ్‌మన్ భార్య పక్కనే కూర్చుని బిస్కెట్లు తినిపిస్తోంది. ఆమె మేలు ఎప్పటికీ మరచిపోను.

పని ఎక్కువై అలా జరిగిందని చాలా రోజులు అనుకున్నాను. అది సగమే నిజం. ఏ పనికి ఎంతసేపు పడుతుందో నేను వేసుకునే లెక్కే తప్పు. మీ టైం టేబుల్ రెండు రోజులకే చెడిపోవడానికీ ఇదే కారణమని నా గట్టి నమ్మకం.

మా వంటింటి గోడకు ఒక క్యాలెండర్ ఉంటుంది. పాల ప్యాకెట్ల లెక్క, గ్యాస్ బండ వచ్చిన తేదీ అన్నీ దాని మీదే రాస్తాం. అయిపోయిన నెల కాగితం చింపి, వెనకవైపు మధ్యలో ఒక గీత గీశాను. పని మొదలుపెట్టే ముందే, ఎంతసేపు పడుతుందనుకుంటున్నానో ఎడమవైపు రాయడం. అయ్యాక నిజంగా పట్టిన టైం కుడివైపు. ఒక్క వారం అలా రాశాను.

టిఫిను, లంచ్ బాక్సులు కలిపి 30 నిమిషాలనుకుంటే 55 పట్టాయి. ఇంటి నుంచి ఆఫీసుకు 45 అనుకుంటే 70. ఎందుకంటే మెట్రోలో కూర్చున్నంతసేపే నా లెక్కలో ఉంది. ఆటో కోసం నిలబడటం, స్టేషన్‌లో చెకింగ్ దగ్గర లైను, అమీర్‌పేటలో దిగాక ఆ జనంలో మెట్లు దిగి ఆఫీసుదాకా నడవడం, ఇవేవీ లేవు. ఆఫీసులో బ్యాంకు స్టేట్‌మెంటుతో పుస్తకాలు సరిచూసుకునే పని గంట అనుకుంటే రెండున్నర గంటలు. పిల్లల హోంవర్కు ఒక్కటే అనుకున్నంతలో అయింది.

అంటే ఆఫీసులో అడుగుపెట్టేసరికే నేను 50 నిమిషాలు వెనకబడి ఉన్నాను. ఆ అప్పు రాత్రిదాకా మోస్తున్నాను. పిల్లల మీద కేకలు వేయడం, ఆటో అతనితో గొడవపడటం, అన్నం నిలబడి తినడం, అన్నీ అందులోంచి వచ్చినవే.

మనుషులందరికీ ఈ అలవాటు ఉంది. డేనియల్ కానమన్, ఆమోస్ ట్వర్‌స్కీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 1979లోనే దీనికి 'ప్లానింగ్ ఫాలసీ' అని పేరు పెట్టారు. 1994లో వచ్చిన ఒక అధ్యయనంలో, థీసిస్ రాస్తున్న విద్యార్థులను ఎన్నాళ్లలో ముగిస్తారని అడిగితే సగటున 34 రోజులన్నారు. అన్నీ అడ్డం తిరిగితే ఎన్నాళ్లు పడుతుందంటే దాదాపు 49 అన్నారు. చివరికి పట్టింది 55 రోజులు. ఇది చదివినప్పుడు నాకు ఎంత ఊరటగా అనిపించిందో చెప్పలేను. అప్పటిదాకా నాకే చేతకావడం లేదని కుమిలిపోయేదాన్ని.

తర్వాత మార్చుకున్నవి కొన్నే. ఎడమవైపు అంకె పక్కన పెట్టి, కుడివైపు అంకెతోనే రోజు వేసుకోవడం మొదలుపెట్టాను. అలా వేసుకుంటే రోజులో సగం పనులే పట్టాయి. మొదట భయమేసింది. కానీ పట్టనివి అంతకుముందు కూడా జరిగేవి కావు, వాటి దిగులు మాత్రం మిగిలేది. ఆఫీసులో 20 అనే తేదీని 16కి జరుపుకున్నాను. బిల్లులు పంపమని పార్టీలకు 12 నుంచే ఫోన్లు చేస్తాను. రానివి ఏవో 16 సాయంత్రానికి తేలిపోతాయి. ఇంకా నాలుగు రోజులుంటాయి కాబట్టి గుండె దడ లేదు.

అన్నిటికన్నా మేలు చేసింది ఆ కాగితం ఇంట్లోవాళ్లకు చూపించడం. నాకు కష్టంగా ఉందని ఎన్నిసార్లు చెప్పినా అది మాటగానే పోయేది. అంకెలు చూశాక మా ఆయన ఏమీ అనకుండా మర్నాటి నుంచి బాక్సులు కట్టే పని తీసుకున్నారు. మా అత్తగారిని, "అత్తయ్యా, మధ్యాహ్నం కాస్త ఆకుకూర ఏరి పెడతారా" అని మొహమాటపడుతూనే అడిగాను. "అడిగితే కదమ్మా తెలిసేది, ఊరికే కూర్చునేదాన్నేగా" అన్నారు. ఎనిమిదేళ్లుగా నేను ఒక్కసారీ అడగలేదు.

నాకు పనికిరానివీ చెబుతాను. తెల్లవారుజామున నాలుగున్నరకు లేవడం రెండు వారాలు చేశాను. మధ్యాహ్నానికి తలనొప్పి, ఎంట్రీల్లో తప్పులు. నిద్ర తగ్గించుకుని టైం మిగుల్చుకోవాలని మాత్రం చూడకండి. 25 నిమిషాలు పని, 5 నిమిషాలు విరామం అనే పోమొడోరో పద్ధతి చదువుకునేవాళ్లకు బాగుంటుందేమో కానీ, ఊరికే ఫోన్ మోగే నా సీటుకు అది కుదరలేదు. పడుకునే ముందు రేపటి పనులు కాగితం మీద రాయడం మాత్రం మానను. అమెరికాలోని బేలర్ విశ్వవిద్యాలయం వాళ్లు 57 మందితో చేసి 2018లో ప్రచురించిన ప్రయోగంలో, అలా ఐదు నిమిషాలు రాసుకున్నవాళ్లు, అయిపోయిన పనులు రాసినవాళ్లకన్నా సుమారు 9 నిమిషాలు ముందే నిద్రపోయారట. నాకైతే రాత్రి రెండింటికి ఉలిక్కిపడి లేచి "ఫీజు కట్టానా" అనుకోవడం పోయింది.

ఒకవేళ వారాల తరబడి నిద్ర లేకపోయినా, దేని మీదా మనసు నిలవకపోయినా, అది టైం సర్దుకుంటే పోయేది కాదు, డాక్టరుకు చూపించుకోండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీమానస్ నంబరు 14416కి ఫోన్ చేస్తే డబ్బు ఖర్చు లేకుండా తెలుగులోనే మాట్లాడతారు. అడగడానికి సిగ్గుపడకండి.

ఈ సోమవారం నుంచే ఒక వారం రాసి చూడండి. ఆ వారం ఏదీ మార్చొద్దు, రాయడమే. అన్నీ కొలవలేకపోతే ఆఫీసు ప్రయాణం ఒక్కటైనా కొలవండి, ఇంటి తలుపు వేసిన క్షణం నుంచి సీట్లో కూర్చునేదాకా. నాకు పెద్ద తేడాలు బయటపడ్డవాటిలో అదొకటి.