నాలుగేళ్ల బాబు పెన్సిల్‌ని పిడికిలితో పడుతున్నాడు.. చేతి బలానికి టానిక్ ఉందా?

ప్రశ్న: మా బాబుకు నాలుగేళ్ల రెండు నెలలు. ఎల్‌కేజీ చదువుతున్నాడు. స్కూల్లో రోజూ ఫోర్‌ లైన్స్ పుస్తకంలో రెండు పేజీలు ఏబీసీడీలు, ఒక పేజీ అఆఇఈలు హోంవర్క్ ఇస్తున్నారు. పెన్సిల్‌ని పిడికిలితో పట్టుకుంటాడు. అర పేజీ అయ్యేసరికి చెయ్యి నొప్పి అని ఏడుస్తాడు. ఒక్కోసారి ఎడమ చేతికి మార్చుకుంటే మా అత్తయ్య కోప్పడుతున్నారు. గ్రిప్ లేదు, ఇంట్లో ఇంకా రాయించండి అని టీచర్ అంటున్నారు. పక్కింటి పాప ఇదే వయసులో చక్కగా రాస్తోంది. చేతులకు బలం వచ్చే టానిక్ ఏదైనా చెప్పండి.
– ఓ తల్లి, కరీంనగర్

జవాబు: అలాంటి టానిక్ ఏదీ లేదమ్మా. ఆ పేరుతో ఎవరైనా సీసా చేతిలో పెట్టినా కొనకండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే బాబుకు జబ్బేమీ ఉన్నట్టు అనిపించడం లేదు. నాలుగేళ్ల చేతికి ఆరేళ్ల చేతి పని పెడుతున్నారు, అంతే.

మణికట్టులో ఎనిమిది చిన్న ఎముకలుంటాయి. పుట్టినప్పుడు అవన్నీ మెత్తటి మృదులాస్థే. ఏడాదికి దాదాపు ఒకటి చొప్పున గట్టిపడుతూ వస్తాయి. నాలుగేళ్ల పిల్లల చేతికి ఎక్స్‌రే తీస్తే వాటిలో సగం వరకే కనిపిస్తాయి. కండరాల మీద పట్టు కూడా ముందు భుజానికి, తర్వాత మోచేతికి, మణికట్టుకు, చివరికి వేళ్లకు వస్తుంది. అందుకే ఏడాదిన్నర పిల్లలు క్రేయాన్‌ని పిడికిలితో పట్టి చెయ్యంతా ఊపి గీస్తారు. మూడున్నర, నాలుగేళ్లకు బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలు కలిపి పట్టడం వస్తుంది. చెయ్యి కదలకుండా వేళ్లతోనే రాయడం నాలుగున్నర నుంచి ఆరేళ్ల మధ్య కుదురుతుంది. ఈ లెక్కన మీ బాబు కాస్త వెనక ఉన్నాడు కానీ, టెన్షన్ పడేంత కాదు. ఒకటి గమనించండి. మొదటి అక్షరం నుంచే పిడికిలితో పడుతున్నాడా, నాలుగైదు లైన్లు రాశాక అలా మారుస్తున్నాడా? అలసిపోయాక మారుస్తుంటే అది పెద్ద సమస్య కాదు.

అక్షరాలు దిద్దడం చేతికి మంచి వ్యాయామమే. ఏ అక్షరం ముందు, ఎంత సైజులో, ఎంతసేపు అన్నదే అసలు విషయం. మనం వర్ణమాల వరసలోనే రాయించాలని పట్టుబడతాం. చేతికి ఆ వరసతో పని లేదు. పిల్లలు చూసి గీయడంలో నిలువు గీత రెండేళ్లకు, సున్నా మూడేళ్లకు, ప్లస్ గుర్తు నాలుగేళ్లకు, త్రిభుజం అయిదేళ్లు దాటాక వస్తాయి. ఏబీసీడీల్లో మొట్టమొదటి అక్షరం 'ఎ'లోనే రెండు ఏటవాలు గీతలున్నాయి! కె, ఎం, ఎక్స్ కూడా అంతే. ముందు నిలువు, అడ్డం గీతలతో అయిపోయే ఎల్, టి, హెచ్, ఇ, ఎఫ్ పెద్దబడి అక్షరాలు రాయించి, ఏటవాలు గీతలవి తర్వాతకు ఉంచండి. తెలుగులోనూ 'అ' తేలికైన అక్షరమేమీ కాదు. లోపలికి చుట్టుకుని మళ్లీ బయటికి మలుపు తిరగాలి. సున్నా చుట్టడం వచ్చిన బిడ్డకు పైన తలకట్టు పెడితే 'ర', మధ్యలో చుక్క కూడా పెడితే 'ఠ' వచ్చేస్తాయి. అఆలు నోటితో వరసగానే చెప్పించండి, చేత్తో మాత్రం తేలికైన వాటితో మొదలుపెట్టండి.

పుస్తకం కంటే ముందు పలక చేతికివ్వండి. బలపం పొడవుగా ఉంటే పిడికిట్లో ఇమిడిపోతుంది. అంగుళం ముక్క ఇచ్చారనుకోండి, పిడికిలితో పట్టడానికి చోటే ఉండదు, వేళ్లతో పట్టక తప్పదు. క్రేయాన్‌కూ ఇదే కిటుకు. అరచేతి సైజులో ఒక్క అక్షరం మీరు రాసిచ్చి, దాని మీదే దిద్దించండి. అక్షరాభ్యాసం నాడు పళ్లెంలో బియ్యం పోసి వేలితో రాయించి ఉంటారు కదా, అది ఆ ఒక్కరోజుకే ఎందుకు ఆపాలి? బియ్యం లేకపోతే రవ్వయినా సరే. గోడకు బ్లాక్‌బోర్డు తగిలించి నిలబెట్టి రాయిస్తే భుజం, మణికట్టు రెండూ బలపడతాయి. ఏదైనా అయిదు నుంచి పది నిమిషాలే. విసుగు మొదలవగానే ఆపేయండి.

బాబు బలపం తింటున్నాడేమో కూడా చూడండి. తింటుంటే చీవాట్లు పెట్టడం కాదు, హిమోగ్లోబిన్ పరీక్ష చేయించాలి. ఐరన్ తక్కువైన పిల్లల్లో ఈ అలవాటు ఎక్కువగా చూస్తుంటాం.

రాతకు కావాల్సిన బలం సగం వంటింట్లోనే వస్తుంది. చిక్కుడుకాయల ఈనెలు తీయించండి, పచ్చి బఠాణీలు ఒలిపించండి, చపాతీ పిండి ముద్ద ఇచ్చి నలపమనండి, బట్టలారేసేటప్పుడు క్లిప్పులు పెట్టించండి. ముగ్గు వేయడం మరీ మంచిది. రెండు వేళ్ల మధ్య నుంచి పిండి కొద్దికొద్దిగా జారవిడవాలంటే ఆ వేళ్లు ఎంత అదుపులో ఉండాలో మీకు చెప్పక్కర్లేదు. అయితే బియ్యప్పిండే ఇవ్వండి, సున్నం కలిసిన ముగ్గు కళ్లలో పడితే ప్రమాదం. ఇంట్లో మూడేళ్లలోపు చంటిపిల్లలుంటే బఠాణీలు, పూసలు వాళ్లకు అందనివ్వకండి.

చెయ్యి మార్చుకోవడం గురించి మీ అత్తయ్యగారికి నా మాటగా చెప్పండి. ఏది వాటమైన చెయ్యో చాలామందిలో నాలుగు నుంచి ఆరేళ్ల మధ్య తేలుతుంది. ఎడమ చెయ్యి అని తేలితే దానితోనే రాయనివ్వాలి. బలవంతంగా మార్పించొద్దు.

హోంవర్క్ సంగతి టీచర్‌తో నేరుగా మాట్లాడండి. మూడు పేజీల బదులు మూడు లైన్లు చాలని అడగండి. కావాలంటే నా ఈ జవాబే చూపించండి. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ల వరకు పునాది దశ అంటుంది, ఆ వయసులో ఆటపాటలతోనే నేర్పమంటుంది. పక్కింటి పాప ఊసు మాత్రం బాబు ముందు ఎత్తకండి.

ఇలా రెండు మూడు నెలలు చేసి చూడండి. అప్పటికీ వేళ్లతో పట్టడం రాకపోతే పిల్లల డాక్టర్‌కు చూపించండి. చేతులు వణకడం, ఒక చెయ్యి అసలు వాడకపోవడం, తరచూ తూలి పడిపోవడం, వచ్చిన పనులే మర్చిపోవడం లాంటివి ఉంటే మాత్రం అన్నాళ్లు ఆగొద్దు. పుస్తకం మరీ దగ్గరగా పెట్టుకుంటుంటే కంటి పరీక్ష చేయించండి. అక్షరాలు అద్దంలోలా తిరగేసి రాయడం ఏడేళ్ల వరకు చాలామందిలో మామూలే. అవసరమైతే రాయడం, తినడం, గుండీలు పెట్టుకోవడం లాంటి రోజువారీ పనులు సాధన చేయించే ఆక్యుపేషనల్ థెరపిస్టు దగ్గరికి డాక్టరే పంపుతారు. పిల్లల ఆరోగ్యం కోసం ప్రభుత్వం పెట్టిన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద నడిచే జిల్లా సత్వర చికిత్స కేంద్రాల్లో, అంటే డీఈఐసీల్లో, పరీక్షలు, థెరపీ ఉచితం. వెళ్లేటప్పుడు బాబు నోట్‌బుక్ తీసుకెళ్లండి. రాస్తున్నప్పుడు, అన్నం తింటున్నప్పుడు, చొక్కా గుండీలు పెట్టుకుంటున్నప్పుడు ఫోన్‌లో చిన్న చిన్న వీడియోలు తీసి చూపించండి. కొత్త చోట పిల్లలు బిగుసుకుపోతారు, ఇంట్లో చేసేవి అక్కడ చేయరు.

– పిల్లల వైద్య నిపుణులు