కిట్ లెన్స్‌తోనే మొదలుపెట్టొచ్చు, కాకపోతే పక్షులతో కాదు

కొత్త కెమెరా, దాంతో వచ్చిన 18-55 ఎంఎం లెన్స్ (కిట్ లెన్స్ అంటే ఇదే), ఊళ్లు తిరిగే తీరిక లేదు, అయినా ప్రకృతి ఫోటోలు తీయాలి, ఎక్కడ మొదలుపెట్టాలి అని అడిగారు. నేనూ అక్కడే మొదలుపెట్టాను. నాది ఇప్పటికీ సరదా వ్యవహారమే, నిపుణుడి సలహా అనుకోకండి.

పెరట్లో మొదలుపెట్టండి, అదీ తూనీగతో. ఆ లెన్స్‌ని 55 ఎంఎం దాకా పూర్తిగా జూమ్ చేసి పిచ్చుకను తీసినా ఫోటోలో చుక్కంత కనిపిస్తుంది, దగ్గరికి వెళ్తే ఎగిరిపోతుంది, మొదటి రెండు నెలలు నేను చేసిన ఘనకార్యం ఇదే. తూనీగల్లో చాలా రకాలు అలా కాదు, లేచి ఓ చుట్టు చుట్టి మళ్లీ అదే పుల్ల చివరికి వచ్చి వాలతాయి. అది గమనించాక దాని వెంట పడడం మానేసి, పుల్ల పక్కనే కూర్చుని, చివర మీద ఫోకస్ పెట్టి, అది తనంతట తాను మారకుండా మాన్యువల్‌కి మార్చేసి ఎదురుచూడడం మొదలుపెట్టాను. వాలగానే నొక్కడమే. తెల్లవారుజామున ఇంకా తేలిక, ఒళ్లు వేడెక్కేదాకా అది సరిగ్గా ఎగరలేదు, ఒక్కోసారి రెక్కల నిండా మంచు చుక్కలు కూడా ఉంటాయి. పక్క నుంచి తీయండి. ఎదురుగా తీస్తే కళ్లు షార్ప్‌గా వచ్చి తోక మసకబారుతుంది.

ఉడుతలకైతే నేల మీద పడుకోవాల్సిందే, బట్టలు పాడైనా సరే. నిలబడి పైనుంచి తీసినదానికీ, దాని కంటి ఎత్తులో తీసినదానికీ పోలికే లేదు. షట్టర్ వేగం 1/1000 సెకను కంటే తగ్గించకండి. ఐఎస్ఓ (వెలుతురుకి కెమెరా ఎంతగా స్పందించాలో చెప్పే అంకె) పెరిగితే పెరగనివ్వండి, దానివల్ల ఇసుక చల్లినట్టు వచ్చే నాయిస్‌ని తర్వాత కొంత తగ్గించుకోవచ్చు గానీ కదిలిపోయిన ఫోటోకి మందు లేదు. ఇంకో మాట, ఎంత ఆశగా ఉన్నా గూటి జోలికి మాత్రం వెళ్లొద్దు.

ల్యాండ్‌స్కేప్‌కి లెక్క తిరగబడుతుంది. కొండ ఎక్కడికీ పారిపోదు కదా, ట్రైపాడ్ మీద పెట్టి ఐఎస్ఓ 100, అపర్చర్ (లెన్స్ లోపలి రంధ్రం) ఎఫ్/8 నుంచి ఎఫ్/11 మధ్య, 2 సెకన్ల టైమర్ పెడితే చాలు, బటన్ నొక్కినప్పటి అదురు కూడా తప్పుతుంది. రంధ్రం ఇంకా చిన్నదయ్యే ఎఫ్/22 పెడితే అన్నీ ఇంకా షార్ప్‌గా వస్తాయనుకునేవాడిని, తీరా చూస్తే డిఫ్రాక్షన్ వల్ల, అంటే చిన్న రంధ్రంలో కాంతి చెదిరిపోవడం వల్ల, ఫోటో మొత్తం కాస్త మెత్తబడింది. సూర్యుడు దిగిపోగానే సర్దేసుకోకండి, అసలు రంగులు చాలాసార్లు ఆ తర్వాతి పావుగంటలోనే వస్తాయి.

ఓ సాయంత్రం చీకటి పడుతుండగా ఉడుత కోసం ఐఎస్ఓ 3200 పెట్టాను. మర్నాడు నాలుగింటికి లేచి చెరువు గట్టుకి వెళ్తే నీళ్ల మీద పొగమంచు, అంత మంచి పొద్దు నాకు మళ్లీ దొరకలేదు. గంటసేపు తీశాను. ఇంటికొచ్చి కంప్యూటర్‌లో తెరిస్తే పొగమంచు మొత్తం ఇసుక చల్లినట్టుంది, అన్నీ 3200లోనే! చిన్న స్క్రీన్ మీద ఏమీ తెలియలేదు. అప్పటినుంచి కెమెరా సంచిలో పెట్టేముందు ఐఎస్ఓ 100కి తిప్పడం అలవాటైంది.

దూరంగా ఉన్నవాటిని దగ్గరగా చూపే 70-300 ఎంఎం లెన్స్ కొనాలా అని తర్వాత ఎలాగూ అడుగుతారు. కొనండి, కానీ ఇప్పుడే కాదు, ముందు ఓ పది తూనీగలు కుదిరాక.