చీమల గూడు ఇంట్లో ఎలా కట్టాలి? సీసాలో వేసినవి ఎందుకు చచ్చిపోతున్నాయి?

ప్రశ్న: మేడం నమస్తే. మా బాబు పొలం గట్టు మీద పుట్ట తవ్వి ఓ యాభై గండుచీమల్ని మట్టితో సహా సీసాలో వేసి పెంచుతున్నాడు. రోజూ నీళ్ళు చల్లి పంచదార వేస్తున్నాడు. రెండు వారాల్లో సగం పోయాయి, మట్టికి బూజు పట్టింది. సరైన గూడు ఇంట్లోనే చేయొచ్చా? పెరిగాక పొలంలో వదిలితే పురుగుల్ని తింటాయా?

జవాబు: నమస్తే అండీ. బాబుని ఏమీ అనకండి, చీమల్ని చూడాలనే ఆసక్తి ఉన్న పిల్లలు తక్కువ. అయితే ఆ యాభైలో రాణి లేదు, అదీ అసలు సంగతి. బయట తిరిగేవి పుట్టలో బాగా వయసు మళ్ళిన పనిచీమలు, రాణేమో లోపలెక్కడో లోతులో ఉంటుంది, అది లేకుండా ఎంత మంచి గూడు కట్టినా కొత్త పిల్లలు పుట్టవు, ఉన్నవి ఒక్కొక్కటే రాలిపోతాయి.

రాణి కోసం పుట్ట తవ్వొద్దు. వాన పడ్డాక రెక్కల చీమలు ఎగురుతాయి కదా, జత కట్టిన రాణి కిందకి దిగి రెక్కలు విరిచేసుకుని చోటు వెతుక్కుంటూ నేల మీద పరిగెడుతుంటుంది, దాన్ని పట్టుకోవాలి. ఉసిళ్ళని చూసి పొరబడకండి, అవి చెదలు, వాటికి నడుము సన్నగా ఉండదు, నాలుగు రెక్కలూ ఒకే పొడవుంటాయి. చీమకి నడుము దారంలా ఉంటుంది, మీసాలు మోచెయ్యి వంచినట్టు ఉంటాయి.

మొదటి గూడుకి ఒక టెస్ట్ ట్యూబ్ చాలండి. మూడో వంతు నీళ్ళు పోసి, నీళ్ళకి తగిలేలా దూది గట్టిగా దిగ్గొట్టి, రాణిని వదిలి, మూతి దగ్గర ఇంకో దూది పెట్టి చీకట్లో పెట్టేయండి. గండుచీమ రాణికి మొదటి పనిచీమలు వచ్చేదాకా తిండి కూడా అక్కర్లేదు, ఇక పనిలేని రెక్కల కండల్ని కరిగించుకునే మొదటి పిల్లల్ని సాకుతుంది. నెల నుంచి రెండు నెలల్లో చిన్న చిన్న పనిచీమలు వస్తాయి. ఈ రోజుల్లో బాబు గంటగంటకీ తీసి చూస్తే రాణి బెదిరి గుడ్లు తినేస్తుంది, వారానికి ఒకసారి చాలు.

పనిచీమలు ఓ ఇరవై ముప్పై అయ్యాక అసలు గూడు. ఒక చిన్న ప్లాస్టిక్ డబ్బా అడుగున పిల్లలు ఆడుకునే రంగు మట్టితో గదులు, దారుల ఆకారం అతికించి, దాని మీద ప్లాస్టర్ ఆఫ్ పారిస్ పోయండి, రెండు పాళ్ళ పొడికి సుమారు ఒక పాలు నీళ్ళు. గట్టిపడేటప్పుడు బాగా వేడెక్కుతుంది కాబట్టి పిల్లల్ని చేతులు పెట్టనివ్వొద్దు. తర్వాత దిమ్మ తీసి, మట్టి గీకేసి, వారం పైనే ఆరబెట్టి, గదుల వైపు గాజు పలక బిగించండి. ఇంట్లో తేలిక సిమెంట్ ఇటుక (ఏఏసీ) ముక్క మిగిలి ఉంటే ఇంకా మేలు, మేకుతో చెక్కినా దిగుతుంది, నీళ్ళు పీల్చుకుంటుంది, చెక్కేటప్పుడు ముక్కుకి గుడ్డ కట్టుకోండి.

గూడు పెద్దదైతే చీమలకి సుఖం అనుకుంటాం, కాదండీ, ఖాళీ గదుల్లో చెత్త పోసి బూజు తెప్పిస్తాయి. అన్నిటికన్నా ముఖ్యం తడి. నేను చదువుకునే రోజుల్లో కట్టిన మొదటి గూడుని మొత్తం తడిపేశాను, పొద్దున చూస్తే పనిచీమలన్నీ పిల్లల్ని నోట కరుచుకుని గాజుకి పైమూల, వేలెడంత పొడి జాగాలో ఒకదాని మీద ఒకటి కుక్కుకుని ఉన్నాయి. అప్పట్నుంచి ఒక చివరే తడుపుతున్నా, రెండో చివర పొడిగా వదిలేస్తా. గుడ్లని తడి వైపు, ఒంటి చుట్టూ పట్టుకాయ లాంటి పొర కట్టుకున్న ప్యూపాల్ని (పిల్ల పెద్ద చీమగా మారే దశ) పొడి వైపు అవే మోసుకుపోతాయి, ఎక్కడ ఏది ఉండాలో వాటికే తెలుసు. గాజు మీద ఎర్ర కాగితం పెట్టండి, చీమలకి ఎరుపు సరిగా కనబడదు, వాటికి చీకటి, మనకి చూడ్డానికి వీలు.

గూటికి గొట్టంతో ఇంకో డబ్బా కలిపి తిండి అక్కడే పెట్టండి. పెద్ద చీమలకి పంచదార నీళ్ళు, పిల్లలకి చంపిన చిన్న పురుగు. మందు కొట్టిన పొలం నుంచి పురుగు తేవద్దు, ఒక్క దానితో గూడంతా పోతుంది. మిగిలింది మర్నాడే తీసేయాలి. పారిపోకుండా డబ్బా లోపలి అంచుకి టాల్కం పౌడర్ స్పిరిట్‌లో కలిపి పూసి ఆరనివ్వండి, కాళ్ళు జారిపోతాయి. ఓపిక మాత్రం కావాలి, ఇంగ్లాండ్‌లో జాన్ లబ్బాక్ అనే శాస్త్రవేత్త 1870ల్లో మొదలుపెట్టి గాజు పలకల మధ్య పెంచిన ఒక రాణి దాదాపు 15 ఏళ్ళు బతికింది.

పొలంలో వదలడం మాత్రం వద్దండీ. గండుచీమలు పురుగుల్ని తింటాయి నిజమే, కానీ పేనుబంక, పిండినల్లి విసర్జించే తేనె లాంటి జిగురు కోసం వాటికి కాపలా కాసి, వాటిని తినే అక్షింతల పురుగుల్ని తరిమేస్తాయి.

సీసాలో మిగిలినవాటిని ఈరోజే వదిలేయండి, తెచ్చిన పుట్ట దగ్గరే వదలాలి, వేరే పుట్ట దగ్గరైతే వాసన తేడా పట్టేసి అక్కడివి చంపేస్తాయి.